మంగాయమ్మ కొట్టేయించిన మాట

1979లో నేను రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్టు మేడమీద ఉన్న ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తుండేవాణ్ణి. పాస్‌పోర్టు, వీసా దరఖాస్తులు నింపి, టైపు చేసి, హైదరాబాదుకో మద్రాసుకో పంపడం నా పని. మా తాతగారి కాలంలో పెద్దాపురం వైపు కొన్ని ఊళ్ల శిస్తు మా లోగిలికి వచ్చేది. నా దాకా వచ్చేసరికి ఇంటిపేరు, మంచి ఇంగ్లీషు మిగిలాయి. రెండోదాన్ని అమ్ముకుని బతికాను. మొదటిదాన్ని ఎక్కడా వాడుకోలేదు.

విదేశంలో ఎక్కువకాలం ఉండదలచినవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. దేశంలోకి రానిచ్చేది వీసా. ఎన్నాళ్లు ఉండనిస్తారో చెప్పేది, దిగాక వేసే ముద్ర. మలేషియావాళ్లు దాన్ని ‘పాస్’ అనేవారు. ఆ గడువు తీరకముందే అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి పొడిగించుకోవడం ‘ఎక్స్‌టెన్షన్’. ఇవన్నీ దరఖాస్తులో ఒక చిన్న గడి మీద ఆధారపడి ఉంటాయి. దాని పేరు ‘పర్పస్ ఆఫ్ విజిట్’, అంటే ఎందుకు వెళ్తున్నారు అని. ఆ గడిలో మనిషి చెప్పదలచుకున్నది కాదు, ఆఫీసరు వినదలచుకున్నది రాయాలని నా నమ్మకం. నేను పంపిన కాగితం ఒక్కటీ ప్రశ్నతో తిరిగి రాలేదన్న పేరు కూడా ఉండేది.

ఆ శ్రావణంలో ఒక ఉదయం డెబ్బైకి దగ్గరపడిన మనిషి మెట్లెక్కి వచ్చింది. బిగించి కట్టిన చీర, పొట్టి మనిషి, మోచేతుల దాకా నరాలు తేలిన చేతులు. పేరు మంగాయమ్మ. బాలింతలకు, పసిపిల్లలకు ఒళ్లు మర్దించి స్నానాలు చేయించడం ఆవిడ వృత్తి. బల్లమీద నా పేరు రాసిన చెక్కను పక్కనున్నవాళ్ల చేత చదివించుకుని, గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

“దొరగారి మనవడు గారా! మీరిక్కడ కూచుని టైపు కొడతన్నారేంటండి బాబూ!”

“పని చెప్పు,” అన్నాను.

పని ఇది. ఆవిడ తమ్ముడు అప్పన్న పదహారో ఏట మలయా రబ్బరు తోటలకు కూలికి పోయాడు. పెళ్లి లేదు. ఇప్పుడు పక్షవాతంతో కుడివైపు పడిపోయి, పెనాంగుకు లోపలగా ఉన్న ఎస్టేటులో మంచం పట్టాడు. ఆ ఎస్టేటు బడిలో తెలుగు చెప్పే మాస్టారు ఉత్తరం రాశాడు. తోటి కూలీలు అక్కడే టికెట్ కట్టి పంపించారు. దాన్ని మేము పి.టి.ఏ. అంటాం, ప్రయాణికుడి తరఫున అవతలివాళ్లు ముందే కొన్న టికెట్. మద్రాసు నుంచి ఓడ. ఇక కావలసింది వీసా.

“ఎన్నాళ్లుంటావు?”

“అది ఆడి కాలునిబట్టండి.”

నేను దారులన్నీ మనసులో వేసి చూశాను. ‘డిపెండెంట్ పాస్’ అయితే ఏళ్ల తరబడి ఉండవచ్చు, కాని అది భార్యాబిడ్డలకు. అక్కగారికి వర్తించదు. ‘ఎంట్రీ పర్మిట్’ శాశ్వత నివాసానికి. అది వచ్చేలోగా అప్పన్న ఉంటాడో లేడో. మిగిలింది ‘సోషల్ విజిట్ పాస్’, చుట్టాల్ని చూడడానికి వెళ్లేవాళ్లకిచ్చేది. మూడు నెలలిస్తారు, ఆపైన పొడిగింపు వాళ్ల దయ. ఆ దయ పుట్టాలంటే రోగి చివరి దశలో ఉన్నాడని మొదటి కాగితంలోనే కనబడాలి. చావు దగ్గరున్న ఇంటి మనిషిని ఏ ఆఫీసరూ బయటికి పొమ్మనడు. అలాగే టైపు చేసి, వేలిముద్ర కోసం ముందు పెట్టాను.

ఆవిడ వేలు చాపలేదు. “ఏం రాశారో ఓసారి సెప్తారాండి?”

కాగితం తెలుగులో చదివి వినిపించే అలవాటు నాకు లేదు. అడిగినవాళ్లూ లేరు. విసుగ్గానే చెప్పాను: “ప్రాణాపాయ స్థితిలో ఉన్న తమ్ముణ్ణి చూడటానికి.”

“చూడ్డానికా?” ఆవిడ ముఖం మారిపోయింది. “చూపుకెళ్లేదాన్ని కాదండి నేను.”

మన వైపు ‘చూపు’ అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. ఇంటి ముందు పడుకోబెట్టాక, పాడె లేవకముందు చూసేది చూపు. ‘చూపు దక్కింది’, ‘చూపు దక్కలేదు’ అంటారు. ఇంగ్లీషులో మామూలుగా కనిపించిన మాట తెలుగులోకి వచ్చేసరికి శవం పక్కన నిలబడింది.

“అది ఆఫీసు భాష. అలా రాస్తేనే ఎక్కువకాలం ఉండనిస్తారు.”

“ఉండనియ్యకపోతే మానెయ్యమనండి. కొట్టెయ్యండి ఆ మాట. ఆడు పుట్టినప్పుడు మాయమ్మకి జొరం. నేనేనండి, నా కాళ్లమీదేసుకుని నీళ్లోసి, నూనె రాసి నడిపించింది. పదేళ్లు నాకప్పుడు. ఇప్పుడు రెండోసారి నడిపించడానికెళ్తున్నాను. అదే రాయండి. చచ్చిపోతాడని కాయితమ్మీద ఏలు నొక్కి, ఆ ఏలితోనే ఆడి కాలెలా పట్టుకోనండి?”

నాకు కోపం వచ్చింది. ఎదుట నిలబడి నాకు నా పని చెప్పినవాళ్లు అంతవరకు లేరు. అయినా కొత్త ఫారం తీసి, ‘తమ్ముడు నడిచేవరకు సేవ చేయడానికి’ అని టైపు చేశాను. పొరపాటు తనకే తెలిసొస్తుందనుకున్నాను.

నెల తిరక్కుండా మద్రాసులోని మలేషియా వీసా ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. నా చేతి కాగితానికి వచ్చిన మొదటి ప్రశ్న అది. రోగి నడవడానికి ఎంతకాలం పడుతుందని అంచనా? మంగాయమ్మకు కబురు పెట్టాను. ఆవిడ వేళ్లు మడిచి లెక్కేసింది.

“పసిపిల్లకి ఏడాది పడుద్దండి. ఈడు పెద్దాడు కదా, బరువెక్కువ. మాట వినడు కూడాను. ఏడాదిన్నర రాయండి.”

“డాక్టరు చెప్పాడని రాయనా?”

“డాక్టరు చెప్పలేదు కదండీ. నేను చెప్పానని రాయండి.”

‘పద్దెనిమిది నెలలు, దరఖాస్తుదారు అనుభవాన్నిబట్టి’ అని రాశాను. నవ్వుతారనుకున్నాను. వీసా వచ్చింది. ఆవిడ ఓడెక్కింది.

ఆ తరువాత జరిగినవి మాస్టారు నాకు రాసిన ఉత్తరాలవల్ల తెలుసుకున్నాను. ఆయనకు మలయ్ భాష వచ్చు గనుక ప్రతిసారీ ఇమిగ్రేషన్ ఆఫీసుకు తోడు వెళ్లాడు. మూడు నెలలు నిండబోతుండగా పొడిగింపు అడిగారు. రుజువేమిటని అడిగాడు ఆఫీసరు. సర్టిఫికెట్ తెమ్మంటున్నాడని మాస్టారు తెలుగులో చెప్పాడు. మంగాయమ్మ మర్నాడు అప్పన్ననే తీసుకెళ్లింది. ఎస్టేటు లారీలో మంచంతో సహా తెచ్చి ఆఫీసు వరండాలో దింపించింది. దుప్పటి తొలగించి తమ్ముడితో, “ఒరే, దొరగారికి చూపించరా,” అంది. అతని కుడికాలి బొటనవేలు కొంచెం పైకి లేచి మళ్లీ వాలింది. “ఇది మొన్నటిదాకా లెగిసేది కాదని చెప్పండి మాస్టారూ,” అంది. ఆఫీసరు వంగి, ఇంకోసారి చూపించమన్నాడట. మూడు నెలలిచ్చాడు.

రెండోసారి అప్పన్న కుర్చీలో కూర్చుని వెళ్లాడు. మూడోసారి ఆఫీసరు బల్ల అంచు పట్టుకుని, పది లెక్కపెట్టేంతసేపు నిలబడ్డాడు. పక్క గదుల గుమాస్తాలు కూడా వచ్చి చూశారని మాస్టారు రాశాడు. నాలుగోసారి అక్క భుజం పట్టుకుని నాలుగడుగులు. ఆ ఉత్తరాలు చదువుతున్నప్పుడు నేను కుర్చీలో వెనక్కి ఆనుకోలేకపోయేవాణ్ణి. ఎన్నో పొడిగింపులకు ఎన్నో సాకులు అల్లి ఇచ్చినవాణ్ణి. ఒక మనిషి తన మాట నిజమవుతున్న కొద్దీ ఆ నిజాన్నే మోసుకెళ్లి ఆఫీసులో దింపడం నేను ఎరగను.

ఓడెక్కిన పదహారో నెలలో మంగాయమ్మ మళ్లీ మా మెట్లెక్కింది. చిక్కింది, చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

“కూర్చోండి,” అన్నాను.

“అయ్యో, నన్ను అండీ అంటారేంటి, బాబుగారూ! తప్పు కదండీ,” అంటూ గోడ పక్కనే నిలబడి పాస్‌పోర్టు అందించింది.

ముద్రలన్నీ వరసగా చూశాను. చివరి పేజీలో పొడిగింపు దరఖాస్తు చీటీ ఒకటి అంటించి ఉంది. అయిదోసారి అప్పన్న గేటు దగ్గర్నుంచి కర్ర పట్టుకుని తనంత తాను నడిచి లోపలికి వచ్చాడట. ఆఫీసరు లేచి బల్ల ఇవతలికి వచ్చి, అతని చేయి పట్టుకున్నాడట. తరువాత తిరిగి వెళ్లి తన కుర్చీలో కూర్చుని, చీటీ మీద ఇంగ్లీషులో రాశాడు: పొడిగింపు నిరాకరించడమైనది. కారణం: వచ్చిన పని నెరవేరినది.

నా ఉద్యోగంలో ఎన్నో నిరాకరణలు చూశాను. అలాంటి కారణం మరెక్కడా చూడలేదు. ఆ చీటీని ఆవిడకు తెలుగులో చదివి చెప్పాను, రెండుసార్లు.

“మొదట నేను రాసినట్టే ఉంచితే ఇంకా కొన్నాళ్లు ఉండనిచ్చేవారు కదా. బాధగా లేదా మీకు?”

“ఉండి ఏం చెయ్యనండి? నడిచేవాడి పక్కన నేను కూచుంటే మళ్లీ మంచమెక్కుతాడు. ఆడికి బద్ధకం, పుట్టినప్పట్నించీ.” పాస్‌పోర్టు కొంగులో చుట్టుకుంది. “ఊళ్లో పురుడొచ్చిందండి. బస్సు దాటిపోద్ది.” మెట్లు దిగి వెళ్లిపోయింది.

నిజం రాస్తే ప్రతి తలుపూ తెరుచుకుంటుందని నేను చెప్పను. ఆ తరువాత నేను నిజం రాసి పంపిన కాగితాలు కొన్ని తిరిగి వచ్చాయి. నా పేరు కూడా మునుపటంత నిలవలేదు. అయినా ప్రతి ఫారమూ తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించాను. ఏ పాస్ అడగాలి, ఎన్ని నెలలు అడగాలి అని వచ్చినవాళ్లను ముందుగా నేనే ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: ఏం జరిగితే తిరిగి వచ్చేస్తారు? చాలామంది ఆలోచించుకుని రేపొచ్చి చెప్తామనేవారు.

మంగాయమ్మకు ఆ రేపు అక్కర్లేకపోయింది.