అత్తాకోడళ్ళ వెనక కొండదారిలో

మా అమ్మా, మా ఆవిడా కలిసి నడకకు బయలుదేరిన మొదటి ఉదయమే నాకు అనుమానం వచ్చింది. వాళ్ళిద్దరికీ పడదని కాదు. పడుతుంది, ఒక హద్దు వరకు. సింగపూర్ పుంగ్గోల్‌లోని మా ఫ్లాటు వంటగదిలో ఒకరు పోపు వేస్తుంటే రెండోవారు హాల్లో కూర్చోవాలన్నది ఏళ్ళ తరబడి మాటల్లేకుండా కుదిరిన ఒప్పందం. అలాంటివాళ్ళు ఒక ఆదివారం పొద్దున్నే గుమ్మం దగ్గర కూర్చుని, కొత్త బూట్ల లేసులు ఒకరివి ఒకరు సరిచూసుకుంటున్నారు. మా అమ్మ చీర మీదే బూట్లు వేసుకుంది. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి మాట ఆపేశారు.

నా ఉద్యోగమే అనుమానించడం. ఒక బ్యాంకులో దొంగ లావాదేవీలు పట్టుకునే విభాగంలో పని చేస్తాను. ఏళ్ళ తరబడి బుద్ధిగా ఉన్న ఖాతా ఒకరోజు ఉన్నట్టుండి కొత్తగా కదిలితే మా తెర మీద ఎర్రగా వెలుగుతుంది. అప్పటినుంచి దాని వెంట పడతాం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, ఈశ్వరుడికి నాకున్న ట్రైనింగ్ లేదు.

పైగా కారణం కూడా నాకు తెలుసనుకున్నాను. మా ఆవిడ ఊళ్ళోనే వన్-నార్త్ అనే చోట ఒక పరిశోధన ల్యాబులో పని చేస్తుంది. ఫ్రాన్స్‌లో లియోన్ అనే ఊళ్ళో కొత్తగా పెడుతున్న ల్యాబును రెండేళ్ళు నడిపిస్తావా అని ఆ ఏడాది మొదట్లో ఆమెను అడిగారు. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పింది. చెబుతుంటే మొహం వెలిగిపోయింది. నేను పెరుగన్నం కలుపుకుంటూ "చూద్దాం" అన్నాను. మా ఇళ్ళల్లో మగవాడు చూద్దాం అన్నాడంటే ఇక చూడడని అర్థం. అది ఆమెకూ తెలుసు. కంచాలు తీసుకుని లేచింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అరిచినా, అలిగినా నాకు బాగుండేది. ఏమీ అనకపోవడమే నచ్చలేదు.

ఇప్పుడేమో మా అమ్మ కాఫీ గ్లాసు నా చేతిలో పెడుతూ, "సెప్టెంబర్లో మేమిద్దరం ఫ్రాన్స్ పోతన్నాం రా. అక్కడ కొండల్లో నడిచే దార్లుంటాయంట. వారం రోజులు," అంది. ఒక్క స్టేషను దూరానికి కూడా ఎల్ఆర్‌టీ రైలు ఎక్కే మనిషి మా అమ్మ.

"ఎందుకూ?" అన్నాను.

"ఎందుకేందిరా, చూడటానికి."

ఆ రోజునుంచి ఇంట్లో శిక్షణ మొదలైంది. వారాంతాల్లో మ్యాక్‌రిచీ అడవి, మామూలు రోజుల్లో మా బ్లాకు మెట్లు. వీపు సంచిలో ఒక సోనా మసూరి బస్తా పెట్టుకుని, అడుగున మొదలుపెట్టి పైదాకా ఎక్కేవాళ్ళు. చిన్న బస్తానే, కానీ మా అమ్మ వయసుకు అది తక్కువ బరువేం కాదు. ఒకరోజు ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఆ బస్తా విప్పబోతే మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అది నడకకు కేటాయించిన బియ్యమట, అన్నానికి కాదట. పక్కింటి మలయ్ ఆంటీ లిఫ్టు దగ్గర నన్నాపి, "యువర్ మదర్ వెరీ స్ట్రాంగ్ ఆ," అని బొటనవేలు చూపించింది. థాంక్యూ అన్నాను గానీ, నాకేమీ సంతోషం కలగలేదు.

ఒక శనివారం వాళ్ళకు తెలియకుండా వెంట వెళ్ళాను. సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మా ఆవిడ ఏదో అంటోంది, మా అమ్మ నోరు గుండ్రంగా చుట్టి దాన్ని తిరిగి అంటోంది. బోంజూర్ అన్న ఒక్క ముక్క నాకూ అర్థమైంది. మా అమ్మకు ఇంగ్లీషే సరిగా రాదు, ఫ్రెంచి ఎందుకు? దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే మా అమ్మ, "ఈ మధ్య వంకాయలు మరీ ముదిరినయ్యి వస్తన్నాయి అమ్మాయ్," అంది. అంతకుముందు వంకాయల ఊసే లేదు.

దాంతో నా లెక్క తేలిపోయింది. మా ఆవిడ ఉద్యోగం ఆశ వదులుకోలేదు. నా మీద నేరుగా గెలవలేనని మా అమ్మను తన వైపు తిప్పుకుంటోంది. ఫ్రాన్స్ తీసుకెళ్ళి, కొండలు చూపించి, మంచి గాలి పీల్పించి, చివరికి అమ్మ నోటితోనే "దాన్ని పోనివ్వరా" అని చెప్పిస్తుంది. అమ్మ మాట నేను తీసెయ్యలేనని ఆమెకు తెలుసు. నిజం చెప్పొద్దూ, అనుమానం కన్నా భయం ఎక్కువగా ఉండేది. ఆమె లేకుండా ఆ ఇంట్లో రెండేళ్ళు ఎలా గడుస్తాయో నాకు ఊహకు కూడా అందలేదు. ఆ భయాన్ని భయమని చెప్పుకోలేక, "నేనూ వస్తాను," అని ప్రకటించాను. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైన్యంలో చెయ్యాల్సిన నేషనల్ సర్వీసునుంచి సెలవు మీద ఇంటికొచ్చిన మా అబ్బాయి సోఫాలో పడుకుని, "రిలాక్స్ లా నాన్నా, దే ఆర్ జస్ట్ వాకింగ్," అన్నాడు. వాడికేం తెలుసు.

మేం వెళ్ళింది ఫ్రాన్స్ తూర్పు భాగంలో, స్విట్జర్లాండు సరిహద్దుకు దగ్గరగా ఉన్న పల్లెలకు. కింద ద్రాక్షతోటలు, వాటిపైన అడవి, అన్నిటికంటే పైన తెల్లటి సున్నపురాతి కొండచరియలు. దారి చెప్పే మనిషి ఉండడు. చెట్ల మీద, రాళ్ళ మీద తెలుపూ ఎరుపూ చారలు పూసి ఉంటాయి, వాటిని పట్టుకుని నడవాలి. చారలను అడ్డంగా కొట్టేసి ఉంటే అటు వెళ్ళకూడదు. ఊరూ పేరూ తెలియని ఎవరో పూసిన రంగును నమ్ముకుని ముగ్గురం అడవిలో పడ్డాం. సింగపూర్‌లో అడవికి కూడా బోర్డూ, మ్యాపూ, తప్పు చేస్తే జరిమానా ఉంటాయి. ఇక్కడ అడిగేవాడు లేడు. ప్రతి చార దగ్గరా ఆగి, ఫోనులో మ్యాపుతో సరిచూసుకునేవాణ్ణి. నేను తలెత్తేసరికి వాళ్ళిద్దరూ మలుపు తిరిగి ఉండేవాళ్ళు.

మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్యాంటు వేసుకుంది. చేతిలో ఊతకర్ర, తల మీద మా ఆవిడ టోపీ. బీచ్ అనే అడవిచెట్ల కింద ఎండుటాకుల మీద గలగలా నడిచిపోతోంది. ముందు వాళ్ళ మాటలు వినిపించేవి. నేను పరుగులాంటి నడకతో అందుకునేసరికి చారు సంగతో, వంకాయల సంగతో అయ్యుండేది. ఇన్ని కూరగాయల గురించి ఇంత గుట్టుగా మాట్లాడుకునేవాళ్ళను నేనెక్కడా చూడలేదు.

ఒక తోటలో కోత నడుస్తోంది. ఒక ముసలాయన మమ్మల్ని చూసి, బుట్టలోంచి రెండు నల్లద్రాక్ష గుత్తులు తీసి మా అమ్మకిచ్చాడు. ఆమె ఫ్రెంచిలో "మెర్సీ" అని థాంక్స్ చెప్పి చెయ్యి చాపింది.

"ఊరికే ఎందుకిస్తాడమ్మా? మందులు కొట్టి ఉంటారు, కడక్కుండా తినొద్దు," అన్నాను.

"తినరా. నీకు విషం పెట్టాలంటే ముందు నీ సంగతి ఆయనకి తెలియాలిగా," అంది మా అమ్మ.

మా ఆవిడ తల తిప్పుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు. ముచ్చటేసింది. వెంటనే, నా వెనక ఎంతసేపు నవ్వుకుంటున్నారో అనిపించింది. ద్రాక్ష మాత్రం చాలా తియ్యగా ఉంది.

మర్నాడు ఒక ఊళ్ళో రొట్టెల కొట్టు కనిపించింది. మా ఆవిడ లోపలికి వెళ్ళకుండా బయట అరుగు మీద కూర్చుంది. మా అమ్మ ఒక్కతే వెళ్ళింది. నేను లేవబోతే, "ఉండండి, అత్తయ్య చూసుకుంటారు," అని ఆపింది. అద్దంలోంచి చూశాను. మా అమ్మ వేళ్ళు చూపిస్తూ, మధ్యలో రెండు మాటలంటూ, కొట్టామెతో ఏదో బేరం లాంటిది సాగించింది. పొడుగాటి రొట్టె చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది. మా ఆవిడ ఆమె వైపు చూసి తల ఊపింది. పరీక్ష రాసి వచ్చిన పిల్లను చూసినట్టు చూసింది.

చివరి రోజు కొండచరియ మీదికి ఎక్కాలి. దారి నిటారుగా, రాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ పోయింది. సగం దూరంలోనే నాకు ఊపిరి అందలేదు. చెట్ల వేళ్ళను పట్టుకుంటూ, చారలను తిట్టుకుంటూ నేను పైకి చేరేసరికి మా అమ్మ అంచుకు కాస్త దూరంగా నిలబడి కిందికి చూస్తోంది. తోటలు వరసలు వరసలుగా, మధ్యలో ఎర్రటి పెంకుల ఇళ్ళు. ఎక్కడో ఆవుల మెడలో గంటలు మోగుతున్నాయి. నేను వచ్చిన సంగతి వాళ్ళు గమనించలేదు.

"ఎక్కేశా అమ్మాయ్," అంది మా అమ్మ. "ఇంక నాకేం భయం లేదు. రాసెయ్ వాళ్ళకి."

"ఎవరికి రాసేది?" అన్నాను. ఆయాసంతో మాట విరిగిపోయింది. "ఇంతకాలం ఏం దాస్తున్నారు మీరిద్దరూ? తనే కదూ నిన్ను ఇక్కడికి లాక్కొచ్చింది, నాతో చెప్పించడానికి?"

మా అమ్మ తీరిగ్గా ఒక బండ మీద కూర్చుంది. "అదేం లాక్కురాలేదు. అది ఉద్యోగం వద్దని రాయబోతంటే నేనే ఆపా. వంటింట్లో నిలబడి ఏడుస్తా ఉంది, నువ్వు నిద్రపోతన్నావు. నేను తోడొస్తా, పోదాం పద అన్నా. అత్తయ్యా, ఆ చలీ, ఆ ఊరి ఎత్తుపల్లాల వీధులూ మీకెక్కడ సరిపడతాయి అంది. సరే, నడిచి చూసుకుందాం అన్నా. చూసుకున్నా."

"నువ్వా? నువ్వెళ్తావా? వీసా ఎవరిస్తారు?"

"ముందు విజిటర్‌గా వస్తా. అన్నీ కనుక్కున్నాం లేరా."

నెలల తరబడి నేను కాపలా కాసింది తప్పు ఖాతాకు. కదిలింది మా అమ్మ. ఆ కోపంలో కూడా నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నన్ను ఒక్కణ్ణే పుంగ్గోల్‌లో వదిలేసి మా ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ కాపురం మార్చేస్తున్నారు.

"మరి నన్నెందుకు రమ్మనలేదు?" అన్నాను మా ఆవిడతో.

ఆమె నీళ్ళ సీసా మూత బిగించింది. "రమ్మంటే వస్తారు," అంది. "కానీ ఎందుకు రమ్మన్నానా అని ఆ రెండేళ్ళూ ఆలోచిస్తూ కూర్చుంటారు."

కోపంగా అనలేదు. అదే బాధనిపించింది.

"పోనీ ఇప్పుడడుగుతున్నా. వస్తారా?"

ఆమె నా మొహంలోకే చూస్తోంది. మా అమ్మ కూడా. వస్తానని వెంటనే అనాల్సింది. ఒక్క మాటే కదా. కానీ ఇన్నాళ్ళూ అడగనిది ఇప్పుడే, అమ్మ ఎదురుగా, ఎందుకడిగిందా అని నేను అప్పటికే ఆలోచిస్తున్నాను. తలెత్తేసరికి ఇద్దరూ సంచులు భుజాన వేసుకుని కొండ దిగుతున్నారు.