పసుపు దారం, ఎర్ర దారం

జగ్గయ్యపేటలో మా మేస్త్రిగారు మొన్న తెల్లవారుజామున పోయారు. ఫోన్ చేసింది ఆయన కొడుకు. "నాన్న పోయాడన్నా. నువ్వొస్తేనే ఎత్తుతాం" అన్నాడు. నందిగామలో షెడ్డు మూసేసి బస్సెక్కాను. దారిపొడవునా ఏడుపు రాలేదు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ మా మేస్త్రిగారి కళ్లు చిన్నవే. వాటి నుంచి ఏదీ తప్పించుకునేది కాదు.

మీరు ఆయన్ని ఎరగరు. బోరు బండ్ల కంప్రెసర్లు బాగుచేసేవారు. నాకు ఆ పని నేర్పిందీ ఆయనే. ఆ కంప్రెసర్‌లో రెండు రోటర్లు, ఒకదాని గట్లు ఇంకోదాని గాడుల్లో ఇమిడి తిరగాలి. మేం మొగుడూ పెళ్లాం అనేవాళ్లం. ఏ జంట ఆ జంటే. ఒక జంటలో మొగుణ్ణి ఇంకో జంటలో పెళ్లానికి కూర్చితే రెండూ గీరుకుపోయి పట్టేస్తాయి. అందుకే విప్పకముందే మొగుడికీ దాని బేరింగులకూ పసుపు దారం, పెళ్లానికి ఎర్ర దారం కట్టించేవారు. రెండు బండ్లు ఒకేసారి విప్పితే, రెండో జంటకి ముడి మీద ముడి. "కళ్లు మర్చిపోతయ్ రా, దారం మర్చిపోదు" అనేవారు.

మేం అన్నానికి వెళ్లినప్పుడు ఆయనే ఆ దారాలు మార్చేసేవారు. తిరిగొచ్చి కనిపెట్టకపోతే డ్రైవర్ల ముందు గుంజీళ్లు తీయించేవారు. "పెళ్లాన్ని మార్చినా తెలవట్లేదేంట్రా నీకు? రేపు కాపరం ఎట్టా చేస్తావ్?" అంటే అందరూ పగలబడి నవ్వేవాళ్లు. నాకు మీసాలు దిట్టంగా వచ్చాక కూడా తీశాను ఆ గుంజీళ్లు. నేను తినే ముద్ద ఆయన పెట్టిందే, కాదనను. వాతలు పెట్టిందీ ఆయనే.

కొడుక్కి ఈ పనంటే ప్రాణం. ఒక ఎండాకాలం వత్సవాయి బండీ కంచికచర్ల బండీ ఒకేసారి వచ్చాయి. తొందరలో రెండో ముడి వేయడం మర్చిపోయి, దీని మొగుణ్ణి దానికి కట్టాడు. స్టార్ట్ చేయగానే కేకపెట్టి పట్టేసింది. మేస్త్రిగారు చెయ్యి చేసుకోలేదు. కొట్టినా బాగుండేది. పాడైన జంటను షెడ్డు గుమ్మం పక్కన నిలబెట్టి, వచ్చిన ప్రతివాడికీ "మావోడు చేసిన పెళ్లండీ, చూడండి" అని చూపించేవారు. మళ్లీ కొడుకును రోటర్ ముట్టుకోనివ్వలేదు. అతను ఏళ్ల తరబడి నట్లు కడిగాడు, టీలు తెచ్చాడు. "ఒక్కసారి పట్టనీయండి" అని నేనంటే, "నీ షెడ్డు నువ్వు చూసుకో" అన్నారు.

ఈ మధ్య మేస్త్రిగారికి చేతులు వణకడం మొదలైంది. పోయిన నెల ఓ బండి వస్తే, షెడ్డులో మంచం వేయించుకుని, కొడుకును పిలిచి "బిగించు, చూస్తా" అన్నారట. ఆ తర్వాతే నాకు కబురు పెట్టారు. నేను వెళ్లేసరికి రోటర్లు రెండూ బల్ల మీద విడివిడిగా ఉన్నాయి.

"వాడు బిగించాడు. విప్పించా. నువ్వు బిగించు."

"తప్పుగా బిగించాడాండీ?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను బిగిస్తుంటే కొడుకు లైటు పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కొడుకు బిగింపులో తప్పేంటో ఇంకోసారి వచ్చి అడిగేద్దామనుకున్నాను గానీ, ఈలోగా అడగాల్సిన మనిషే లేకుండా పోయారు.

పాలేటి ఒడ్డున చితికి నిప్పు పెట్టాక జనం ఏట్లో స్నానాలకు దిగారు. కొడుకు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అన్నా, ఆ రోజు నేను బిగించింది కరెక్టేనా?"

"కరెక్టేరా."

"నువ్వు చూళ్లేదుగా."

చూడలేదు. చూసిన మనిషి ఒక్కరే. ఆయన అప్పటికే సగం కాలిపోయారు.

"చేత్తో తిప్పితే తిరిగిందన్నా. ఎక్కడా పట్టలా" అంటూ, ఒక పిడికిలి కణుపుల సందుల్లో ఇంకో పిడికిలి కణుపులు ఆనించి తిప్పి చూపించాడు. స్నానానికి రమ్మని ఏట్లోంచి ఎవరో కేకేశారు. అతను చితినే చూస్తూ, ఆ రెండు పిడికిళ్లనూ మెల్లగా తిప్పుతూనే ఉన్నాడు.