రెండు వందల పన్నెండు స్తంభాలు

ఆరేళ్ళు దుబాయిలో చేసి రాజనర్సు ఇల్లు చేరిన రోజు, కూతురు లత అతన్ని చూసి తల్లి చంద్రవ్వ కొంగు చాటుకు పోయి, ఈయన ఎవరని అడిగింది. మళ్ళీ విమానం ఎక్కనని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ ఒట్టును నిలబెట్టింది ఇంటర్నెట్ తీగ. కథలాపూర్ మండలంలోని తమ ఊరికీ పక్క ఊరికీ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి డెబ్బై ఇళ్ళకు నెట్ ఇచ్చాడు. సగం ఇళ్ళ మగవాళ్ళు గల్ఫ్‌లోనే ఉన్నారు. వాళ్ళు పెళ్ళాం పిల్లల మొహాలు చూసుకునేది ఈ తీగ మీదే. నిచ్చెన ఆనని చోట, తాటిచెట్లెక్కే మోకు నడుముకు బిగించుకొని ఎక్కేవాడు. కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టినవాడికి కరెంటు స్తంభం ఒక లెక్క కాదు.

లోటల్లా ఒకటే, స్తంభాలు వాడుకోవడానికి అనుమతి లేదు. అందుకే శాసనసభలో నెట్ తీగల చట్టం మారుస్తున్నారంటే అందరికన్నా ఎక్కువ సంబరపడ్డాడు. చిన్నవాళ్ళకూ హక్కు, స్తంభాలు అందరికీ సమానం అని మైకుల్లో చెప్పారు. ఆరోజు పంచాయతీ టీవీకి తన తీగే కలిపి ఊరందరికీ సభ చూపించాడు. ఆ బిల్లు పాసవడానికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. స్తంభం ఎక్కి దిగినవాడొక్కడూ ఆ సభలో లేడు.

నెల తిరగకుండానే కరెంటు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఎవరి తీగ ఏయే స్తంభాల మీద ఉందో జాబితా ఇవ్వాలట. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్ల మధ్య ఇదే పని చేసే శ్యాంసుందర్ ఫోన్ చేశాడు.

"అన్నా, లిస్టు ఇయ్యకు. నేనైతే గా కాగితం ముట్టలే."

"నీకు ఎర్కలేదు తమ్మీ. మా తాత ఆబ్కారోళ్లతోని తాటిచెట్లకు నంబర్లేయించుకొని కల్లు పన్ను కట్టిండు. నంబరు పడ్డ చెట్టు జోలికి ఎవడన్న అచ్చిండా? గిది గూడ గంతే."

"చెట్టు నీ తాతది. స్తంభం సర్కారుది."

రాజనర్సు వినలేదు. మూడు రోజులు రెండూళ్ళూ తిరిగి, ఒక్కటి దాచకుండా రెండు వందల పన్నెండు స్తంభాలు రాసిచ్చాడు.

తర్వాత రూల్స్ వచ్చాయి. స్తంభానికి ఇంత అని డిపాజిట్. డెబ్బై ఇళ్ళవాడికీ, డెబ్బై లక్షల ఇళ్ళ కంపెనీకీ ఒకటే రేటు. చట్టం మాట తప్పలేదు, అందరినీ సమానంగానే చూసింది. రాజనర్సు ఇల్లు అమ్మినా ఆ డిపాజిట్‌లో సగం రాదు. కట్టనివాళ్ళ తీగలు తీసేయాలని ఆర్డర్ వచ్చింది. జాబితా ఇవ్వని శ్యాంసుందర్ తీగ ఎక్కడుందో ఆఫీసుకు తెలియదు. రాజనర్సుది మాత్రం స్తంభం స్తంభానికీ తెలుసు, అతని సంతకంతో సహా.

ఆఫీసు కూలీలు కింది నుంచే కొక్కేలతో లాగి తెంపడం మొదలుపెట్టారు. తెగితే తీగ దేనికీ పనికిరాదు. రాజనర్సు చేతులు జోడించి, "తునకలు చెయ్యకున్రి సారూ, నేనే ఎక్కి ఇప్పుత" అన్నాడు. వాళ్ళతో వచ్చిన సారు సరేనన్నాడు.

నాలుగు రోజులు ఎక్కి దిగాడు. మూడో రోజు నర్సవ్వ స్తంభం కింద నిలబడింది. ఆమె కొడుకు మస్కట్ ఆస్పత్రిలో ఉన్నాడు. "వానికి ఇయ్యాల ఆపరేషన్. లోపలికి పోయే ముందు మొకం సూపిస్తనన్నడు. నీ చేతులు ఇరిగిపోను" అని మన్ను ఎత్తిపోసింది. ఆగితే మిగతా తీగ కొక్కేల పాలవుతుంది. రాజనర్సు విప్పుకుంటూ పోయాడు.

నాలుగో రోజు, చెక్కుచెదరని తీగ చుట్టలన్నీ సారు ట్రాక్టర్‌లోకి ఎక్కించాడు. అక్రమ తీగ కాబట్టి సీజ్ అన్నాడు. రాజనర్సు ఇంకేమీ అడగలేక, పోనీ నాలుగు రోజుల కూలన్నా ఇమ్మన్నాడు.

"నీ తీగ నువ్వు తీస్కున్నవు. దానికి కూలేందయ్యా" అన్నాడు సారు.

రెండు నెలల్లో అవే స్తంభాల మీదికి కంపెనీ తీగ వచ్చింది. పని ఇస్తారేమోనని రాజనర్సు వెళ్ళాడు. సీజ్ కేసున్నవాణ్ణి తీసుకునేది లేదన్నారు.

కోరుట్లలో గల్ఫ్ ఏజెంటు ఏం పని వచ్చని అడిగాడు. తీగ పని అన్నాడు. ఆ వీసాలు అయిపోయాయని, ఎడారిలో ఒంటెలు కాసేది ఒకటుందని ఏజెంటు చెప్పాడు. పాస్‌పోర్ట్ అతని చేతిలో పెట్టి ఇంటికొచ్చాడు.

చంద్రవ్వ ఏడవలేదు, మొగుడి మీద అరవలేదు. అన్నం పెడుతూ ఒక్కటే అడిగింది.

"గక్కడ ఫోన్ కలుస్తదా?"

వారానికోసారి నీళ్ళ ట్యాంకర్ వస్తుందట, డ్రైవర్ మంచివాడైతే తన ఫోన్ ఇస్తాడట అని చెప్పాడు రాజనర్సు.