చెల్లి సమాధి మీద వెంపలి

మా చెల్లి కిడ్నీ జబ్బుతో పోయింది. ఉద్దానంలో ఆ మాట చెబితే ఎవరూ ఇంకేమీ అడగరు. మా సంఘం సమాధుల తోట సముద్రం పక్కన ఇసుకలో ఉంది. సిమెంటుతో కట్టిస్తానన్నాడు మరిది, అంటే ఆమె భర్త. కట్టించలేదు. వేసవి గాలికి ఇసుక జారి, సమాధి నేలతో సమానమైంది. తలవైపు పాతిన కర్ర సిలువ లేకపోతే ఆమె ఎక్కడుందో నాకే తెలిసేది కాదు.

ఆ ఇసుకను పట్టి ఉంచుతుందనుకున్నది వెంపలి ఒక్కటే. జీడితోటల గట్ల మీద ఎవరూ వేయకుండానే మోకాలెత్తు పొదలై పెరుగుతుంది. నేను వేస్తే మాత్రం మొలవలేదు. ఎండుకాయలు దులిపి తెచ్చి చల్లిన గింజలు వానాకాలమంతా తడిసినా రాళ్లలాగే ఉండిపోయాయి. మరుసటేడు కొత్త గింజలను గరుకురాతి మీద రుద్ది, వేడినీళ్లలో నానబెట్టి, ఉబ్బినవే ఏరి మట్టి నింపిన సంచుల్లో వేశాను. మొలిచాయి. తీరా సమాధి మీదికి మార్చేటప్పుడు తల్లివేరు తెగి అన్నీ వాడిపోయాయి. ఆ పైయేడు సమాధి మీద ఇసుకను మళ్లీ దిబ్బగా ఎగదోసి, నానిన గింజలను తొలకరి తడిలో నేరుగా అందులోనే గుచ్చాను. వాన ముఖం చాటేసినప్పుడు బిందెతో నీళ్లు మోశాను. శీతాకాలానికి ఊదారంగు పూలు పూశాయి. గాలి వీచినా ఇసుక కదల్లేదు.

ఈస్టరుకు ముందురోజు వెళ్లేసరికి మరిది పారతో ఆ పొదలు పెకలిస్తున్నాడు. అతని కొత్త భార్య సున్నం బకెట్టు పట్టుకుని నిలబడింది.

“ఏటి సేత్తన్నావు?” అన్నాను.

“పిచ్చిమొక్కలు వొదినా. రేపు సంగమంతా వత్తాది. పెళ్లాం సమాది మీద తుప్పలు పెంచేడని నన్నే కదేటి అంతారు!”

“అవి నేనేసినవి.”

అతని చేతిలో పార ఆగింది. “ఒక్కమాట సెప్పొచ్చు కదా. గులాబీలు తెచ్చి ఏద్దుము.”

“ఈ ఇసకలో గులాబీలా?”

కొత్త భార్య తల దించుకుంది. అతను మాత్రం మిగిలిన ఒక్క పొదనూ పెకలించి, అన్నిటితోపాటు కంచె అవతల పడేశాడు.

తెల్లారి ఆరాధనలో పాస్టరుగారు తోట శుభ్రం చేసినవాళ్లను మెచ్చుకున్నారు. మరిది చేతులు కట్టుకుని వినయంగా విన్నాడు. ఆ వేసవికే సమాధి మళ్లీ నేలమట్టమైంది.

“మల్లీ గింజలేయే,” అంది అమ్మ.

“ఏటికమ్మా? ఆడు పీకడానికా?” అన్నాను.