నిండుకున్న గోదాము

మా చిన్నప్పుడు నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పగానే, ఆ రోజు ఫ్యాక్టరీలో ఏ బిస్కెట్లు కాల్చారో వాసన బట్టి చెప్పేసేవాళ్ళం... కొబ్బరివా, అల్లానివా అని నేనూ అమ్మా పందెం వేసుకునేవాళ్ళం. ఎక్కువసార్లు అమ్మే గెలిచేది.

మన ఊళ్ళకు దూరంగా, సముద్రం అవతల బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్. జురాంగ్ వైపున్న బిస్కెట్ ఫ్యాక్టరీలో నాన్న ఓవెన్ దగ్గర పని చేసేవాడు. అక్కడి యూనియన్‌కి నాయకుడు కూడా ఆయనే. తమిళం, మలయ్, ఇంగ్లీషు, కొంచెం చైనీస్... అందరితో వాళ్ళ భాషలో మాట్లాడతాడనే ఎన్నుకున్నారు.

ఒక ఏడాది, కంపెనీ నష్టాల్లో ఉంది, జీతాల్లో కోతకు ఒప్పుకుంటేనే నడపగలం అని యాజమాన్యం యూనియన్‌తో చెప్పింది. లెక్కలు చూపించమంటే మాత్రం చూపించలేదు. "బోనస్ ముందు ప్రతి ఏడూ పాడే పాటే ఇది" అన్నాడు నాన్న.

ఆ ఆదివారం అప్పన్న అంకుల్ మా ఇంటికి వచ్చారు. విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఫ్యాక్టరీ గోదాము ఆయన చేతిలోనే ఉండేది. అమ్మ కాఫీకని లోపలికి వెళ్ళగానే నాన్న గొంతు తగ్గించాడు.

"అన్నా, నిజం చెప్పు. గోదాములో పిండి ఎలా ఉంది?"

"ఏటి సెప్పమంతావు తమ్ముడూ... నిండుకుంది."

నాన్న తలూపి ఊరుకున్నాడు. అంకుల్ కూడా ఆ మాట పెంచలేదు... బయట చెప్పొద్దని పైవాళ్ళు గట్టిగా చెప్పిన సంగతి కదా.

నిండుకుంది అంటే అయిపోయిందని మీకూ నాకూ తెలుసు. తిండి గింజల్ని "లేవు" అనడానికి నోరు రాక మన అమ్మమ్మలు అనుకున్న మాట. కానీ నాన్న జొహోర్ రబ్బరు తోటలో, తల్లి లేని ఇంట్లో, మగవాళ్ళ మధ్య పెరిగాడు. చదివింది తమిళ బడి. పెళ్ళయ్యాక సరుకులన్నీ అమ్మే కింద కొట్లో తెచ్చుకునేది. ఆ వంటింటి మాట ఆయన చెవిన పడనేలేదు...

మర్నాడు మీటింగులో, "గోదాము నిండా పిండి ఉంది, వీళ్ళు మనల్ని బెదిరిస్తున్నారు" అని చెప్పాడట. కోత వద్దనేవాళ్ళు చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు.

కొన్ని వారాలకే కంపెనీ దివాలా తీసింది. గేటుకు తాళం పడింది.

మా కింది అంతస్తు చైనీస్ ఆంటీ అక్కడే ప్యాకింగ్‌లో పనిచేసేది. లిఫ్టులో కనిపించినప్పుడల్లా నా బుగ్గ గిల్లే మనిషి. ఆ రోజు నా వైపు చూసి, "యువర్ పాపా సే నో, సో ఎవ్రీబడీ సే నో! నౌ హౌ?" అంది. మా నాన్న తప్పు చేశాడా అన్న ప్రశ్న నాలో పుట్టింది అప్పుడే.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని నాన్న మండిపడ్డాడు. "అప్పన్న అన్నే కదా చెప్పాడు, పిండి నిండుకుందని! మరి ఎలా మునిగింది?"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నిండుకుంది అన్నారా? ఆ మాటే అన్నారా?"

"ఆ మాటే."

"అంటే... అయిపోయిందనండీ."

"అయిపోతే అయిపోయిందని ఏడవొచ్చు కదా!"

"తిండి సంగతి అలా అనకూడదండీ..."

నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

సంగతి తెలిసి అప్పన్న అంకుల్ పరుగెత్తుకొచ్చారు. "నువ్వు తెలుగోడివి కదేటి! నీకు తెలీదనుకుంతానా!" అని తల కొట్టుకున్నారు. కాసేపటికి తేరుకుని, "అయినా నీ తప్పేటుంది తమ్ముడూ? జీతాలు కోసినంత మాత్రాన గోదాములోకి పిండొచ్చీస్తాదా? ఆ లెక్కలేవో మీకు ముందే సూపించుంటే సరిపోను" అన్నారు.

నాన్న ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. తరవాత మెల్లగా అన్నాడు. "నష్టమని వాళ్ళు నోటితో చెప్పారన్నా. నేనే నమ్మలేదు."

నేను పెద్దయ్యాక యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివాను. దిగుమతి బిస్కెట్లు ఎలా చవకయ్యాయో, అలాంటి సమయంలో కొత్త యంత్రాల కోసం మా ఫ్యాక్టరీ యజమాని చేసిన అప్పు ఎంత పొరపాటో ఒకరోజు నాన్నకు వివరంగా చెప్పాను. ఆయన మనసు తేలికపడుతుందని నా ఆశ. అంతా శ్రద్ధగా విన్నాడు...

"అదంతా నిజమేనమ్మా. కానీ చేతులెత్తమన్నది నేనే కదా."



నాకు ఇప్పటికీ తేలలేదు. కోతకు ఒప్పుకుని ఉంటే కంపెనీ బతికేదా? ఇంకో ఏడాది ఈడ్చి అప్పుడు మూతపడేదా? లెక్కలు దాచిన యజమానిదా తప్పు, చెప్పినా నమ్మని యూనియన్‌దా? అసలు ఒకరి మాట ఒకరు నమ్మని స్థితికి ఇద్దరూ ఎప్పుడు వచ్చారు? ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది. నాన్నకు మాత్రం అన్ని రోజులూ ఒకేలా అనిపించింది. ఆ ఆంటీ లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే, మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి వచ్చేవాడు... పోయేదాకా.

ఈ మధ్య నా స్నేహితురాలు పనిచేసే ఫుడ్ కంపెనీ మూతపడింది. ఫోనుకు మెసేజ్ వచ్చిందట, అంతే. తప్పెవరిదే అని అడిగితే, "ఎవరిదని చెప్తాం, మార్కెట్ అలా ఉంది" అని నవ్వేసింది. ఎవరి మీదా కోపం లేదు. తమ వల్లేనేమో అని కుమిలిపోయేవాళ్ళూ లేరు. అదే సుఖమేమో, నాకు తెలీదు... కానీ ఇంతమంది బతుకులకు నేనే జవాబుదారీ అనుకునే మనిషి ఇప్పుడు ఏ కంపెనీలోనైనా ఉన్నాడా అని మనసు వెతుక్కుంటూ ఉంటుంది.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా మూతపడ్డ చోట పనిచేశారా? ఆ నింద చివరికి ఎవరు మోశారు? చెప్పండి... ఒక్కరికైనా నా ప్రశ్నకు జవాబు దొరికి ఉంటుందేమో.