గంధం పూసిన కార్బైన్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు నన్ను పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్కనున్న ఒక సాయుధ పోలీసు విడిదికి ఆర్మరర్‌గా వేశారు. ఆర్మరర్ అంటే తుపాకులు పేల్చేవాడు కాదు, వాటికి వైద్యం చేసేవాడు. ఫ్యాక్టరీల గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుందని నా నమ్మకం. అందుకే చేతిలో నూనెగుడ్డ లేకుండా నన్ను చూసినవాళ్లు తక్కువ. చాదస్తం అనేవారు. అననీ.

కార్బైన్ పొట్టి తుపాకీ. దాన్ని విప్పి బిగించడాన్ని మా దగ్గర ‘ఖోల్‌నా జోడ్‌నా’ అంటారు. ముందు మ్యాగజైన్ తీయాలి. పక్కనుండే పిడి వెనక్కి లాగి, లోపల తూటా లేదని కళ్లారా చూసుకోవాలి. వెనక మూత నొక్కి తిప్పితే స్ప్రింగులు, తర్వాత ఆ పిడి, చివరికి బ్రీచ్ బ్లాక్ అనే బరువైన ఇనుప దిమ్మె బయటికొస్తాయి. వచ్చిన వరసలో దుప్పటి మీద పేర్చుకుని, చివర వచ్చినదాన్ని ముందుగా బిగించుకుంటూ రావాలి.

మా కానిస్టేబుళ్లలో మంజుల అని కిష్టారెడ్డిపేట రైతుబిడ్డ ఉండేది. మంచి గురి. దసరా మర్నాడు జిల్లా షూటింగ్ జట్టుకు ఎంపిక పెట్టారు. నలుగురికే చోటు. అంతకుముందు రెండుసార్లు అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చిన పిల్ల, ఈసారి ఎలాగైనా జట్టులో ఉండాలని పట్టుదలగా ఉంది. ఎవరి కార్బైన్‌తో వాళ్లే కాల్చాలని నియమం.

దసరా నాటి ఆయుధపూజలో అందరూ తుపాకీకి ఒక బొట్టు పెట్టి ఊరుకుంటే, మంజుల తన కార్బైన్‌ను పెళ్లికూతుర్ని చేసింది. గొట్టం తొడుగుకు వేడి పోవడానికి ఉండే రంధ్రాలన్నిటి చుట్టూ కుంకుమ దిద్దింది. ఖాళీ తూటా డొల్ల బయటపడే కిటికీకి గడపకు పసుపు రాసినట్టు చిక్కగా గంధం రాసి, పైనుంచి అక్షింతలు చల్లింది. గుమ్మడికాయ కొట్టించే హడావిడిలో నేనది చూడలేదు.

మర్నాడు పొద్దున రేంజిలో పిడి లాగి చూస్తే దిమ్మె సగంలో మొరాయించింది. నూనెలో కలిసిన గంధం ఎండి బంకలా పట్టేసింది. విప్పి తుడవమన్నాను. మంజుల కదల్లేదు.

“నిన్న పెట్టిన బొట్టు ఇయ్యాల్నే తుడుస్తే అమ్మవారికి కోపమొస్తది సార్. శుక్రవారం పోయేదాంక ముట్టొద్దని మా అమ్మ చెప్పింది.”

బొట్టు ఉంటే జట్టులో నువ్వుండవు అని గట్టిగానే కసిరాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వంతుకు ముందు ఇంకొక్క బృందమే మిగిలి ఉంది.

అటువైపు టార్గెట్ కాగితాలు అంటిస్తున్న హెడ్ కానిస్టేబుల్ గఫార్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“పరేషాన్ గాకు బిడ్డా. పండుగ నాడు పిల్లకు బొట్టు, కాటుక పెడ్తరు. తెల్లారి తానం పొయ్యరా? తానం పోస్తే ఏ తల్లికన్న కోపమొస్తదా ఏంది?”

మంజుల కళ్లు తుడుచుకుంది. తర్వాత దుప్పటి పరిచింది.

గఫార్ చిందీ అందించాడు. గొట్టం తుడిచే గుడ్డపీలికను మేమలా అంటాం. కాల్చేవాళ్లే విప్పాలి కాబట్టి నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, నా ప్రాణానికి అది పెద్ద శిక్ష. దిమ్మె వెనకాలే పసుపు బియ్యపు గింజలు కొన్ని రాలాయి. మంజుల వాటిని ఏరి నెత్తిన వేసుకుని, మళ్లీ పనిలో పడింది. అంత కోపంలోనూ ఆ పిల్ల నాకు ఎంతో ముద్దుగా అనిపించింది.

ఆమె మూత బిగించి, పిడి లాగి వదిలితే దిమ్మె సాఫీగా జారింది. అప్పుడే ఆమె పేరు పిలిచారు. కాల్చినంతసేపూ కార్బైన్ ఒక్కసారీ ఆగలేదు. జట్టులో నాలుగో పేరు మంజులదే. ఆమె మిఠాయి డబ్బా తెచ్చి ముందు గఫార్‌కు పెట్టింది, తర్వాతే నాకు. న్యాయమే మరి.

తుపాకీ లోపలికి గంధం పోనివ్వొద్దని ఏటా చెప్పేవాళ్లం. పండుగ ఊపులో ఎవరికీ చెవికెక్కేది కాదు. మరుసటి దసరాకు ఆ మాట మానేసి, కిటికీని, రంధ్రాలను గుడ్డతో చుట్టించి, బొట్టు పెట్టడానికి భుజానికి ఆనించే వెనక మడత బట్‌ను చూపించాను. అందరూ అక్కడే పెట్టారు. మనిషి ముచ్చటను వద్దంటే ఆగదు, దానికొక చోటు చూపించాలి.