జాన్ బాబు చనిపోయినట్టు రుజువు

జాన్ బాబు మొహం ఎవరికీ తెలియదు. వీపు మాత్రం రాష్ట్రమంతా చూసింది. ఓ పెద్ద హీరోకి పదేళ్లు డూప్‌గా చేశాడు. బండరాళ్ల మీంచి దూకేది అతనే, గుర్రం మీంచి పడేది అతనే, జీపు వెంట పరిగెత్తేదీ అతనే. బాపట్ల దగ్గర పల్లె నుంచి మద్రాసు వెళ్లి, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చి, రహమత్ నగర్‌లో భార్యాపిల్లల కోసం రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. అతని భార్య కరుణాకుమారి, ఫిల్మ్ నగర్‌లో ఓ కంపెనీ కాస్ట్యూమ్స్ గదిలో నా పక్క మిషన్ మీద కుట్టేది. అందుకే ఈ సంగతి నాకు తెలుసు. కొంత నా కళ్లముందే జరిగింది.

అంతంత ఎత్తుల నుంచి దూకినవాడు, తొంభై రెండు మార్చిలో మూడు రోజుల జ్వరానికి పోయాడు. తెల్లవారుజామున, ఇంట్లోనే. వీధి చివరి డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, తన చీటీ మీద రాసిచ్చాడు. భూస్థాపన అయ్యాక సమాధుల తోట వాళ్లు ఓ రసీదిచ్చారు. పాస్టరుగారు చర్చి రిజిస్టరులో ఎక్కించి నకలిచ్చారు. ఆ మూడు కాగితాలూ బైబిల్లో పెట్టి కరుణ మర్చిపోయింది. ఓదార్చడానికి వచ్చినవాళ్లు ప్రార్థన చేశారు, వండిపెట్టారు, ఏడ్చారు. మున్సిపల్ ఆఫీసులో చెప్పాలమ్మా అని ఒక్కరూ అనలేదు.

పదో రోజున కంపెనీ నుంచి కబురొచ్చింది. సగంలో ఆగిన సినిమా తాలూకు ఎర్రగళ్ల చొక్కా వాళ్లింట్లో ఉండిపోయిందట, కావాలట. ఉతికి, ఇస్త్రీ చేసి కరుణే పట్టుకొచ్చింది.

"ఇస్త్రీ పెట్టె తీశాక కూడా భుజాల దగ్గర బట్ట చల్లారలేదు పుష్పా. మనిషి ఇప్పుడే విప్పినట్టుంది" అంది నాతో.

నేను చొక్కా అందుకుని కొక్కేనికి తగిలించాను.

మే నెలలో సినిమా కార్మికుల యూనియన్ వాళ్లు పిలిచారు. జాన్ బాబుకి కేటాయించిన ఇంటిస్థలం భార్య పేరు మీదికి మార్చాలంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం తెమ్మన్నారు. అప్పుడు బైబిల్లోని కాగితాలు తీసుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాం.

"ఇరవై ఒక్క రోజుల్లో వచ్చుంటే ఈ మూడింటితో అయిపోయేదమ్మా" అన్నాడు గుమస్తా, నొచ్చుకుంటూనే. "ఇప్పుడు నెల దాటింది. నోటరీ అఫిడవిట్టు కావాలి. రెవెన్యూవాళ్లు మీ వీధిలో విచారణ చేస్తారు. ఇరుగుపొరుగు ఇద్దరు సంతకం పెట్టాలి."

అఫిడవిట్టు కింద, తన భర్త చనిపోయాడని ప్రమాణం చేస్తున్నట్టుగా ఉన్న వాక్యం దగ్గర, కరుణ కలం చాలాసేపు ఆగింది.

వారం తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చలపతిరావుగారు వచ్చారు. నెమ్మదస్తుడు. పక్కింటి శారదాదేవిగారు అడగ్గానే సంతకం చేశారు. రెండో సంతకానికి ఎదురింటి కిరాణా కొట్టు నర్సింహని అడిగారు. అతను చేతులు తుడుచుకుని వచ్చి, కాగితం చూసి వెనక్కి తగ్గాడు.

"నేను పెట్ట సార్."

"ఏం? చనిపోయిన సంగతి నీకు తెలీదా?"

"ఎందుకు తెల్వదు? మట్టికి నేను గూడ పోయిన. పిడికెడు మట్టేసిన. గానీ మొన్న ఐతారం పొద్దుగాల చెక్‌పోస్టు కాడ జాన్ బాబును చూసిన సార్. ఎర్రగళ్ల అంగి. గదే నడక, ఎడమ భుజం జర వంచి. పిలిస్తే ఎనక్కి తిరగకుంటనే చెయ్యెత్తిండు."

"ఎవర్నో చూసుంటావయ్యా."

"పదేండ్ల సోపతి కాదు గానీ, నాలుగేండ్లు దినాం నా దుకాణం ముంగల్నుంచే పోయిండు. మట్టేసింది నిజం, చూసింది నిజం. ఏది రాసుకుంటవో రాసుకో. సంతకం మాత్రం పెట్ట."

చుట్టూ చేరినవాళ్లలో ఇంకో ఇద్దరు మెల్లగా తలలూపారు. వాళ్లూ చూశారట. ఇన్నాళ్లూ కరుణ బాధపడుతుందని చెప్పలేదట. చలపతిరావుగారు కాసేపు కలం ఆడించి, "విచారణ అసంపూర్తి" అని రాసుకుని వెళ్లిపోయారు.

కరుణ నా దగ్గరికొచ్చి నేల మీద కూర్చుంది.

"పుష్పా, నేనూ చూశాను" అంది. "పోయిన గురువారం, బస్సులోంచి. వీపే కనపడింది. దిగేలోపు లేడు. పిచ్చెక్కుతోందనుకుని ఎవరికీ చెప్పలేదు."

నర్సింహ చెప్పిన ఎర్రగళ్ల అంగి, కంపెనీకి తిరిగిచ్చిన ఆ చొక్కానే అయ్యుంటుందని, దాన్నిప్పుడు ఇంకెవరో తొడుక్కుంటున్నారని నాకు స్ఫురించింది. మర్నాడు పదింటికి, ఫిల్మ్ నగర్ వెనక బండల మీద షూటింగు జరుగుతుంటే కరుణని తీసుకెళ్లాను. పైన ఓ పెద్ద బండ అంచున ఒకతను మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అదే చొక్కా. అవే భుజాలు. నాలుగడుగులు వేశాడు. ఎడమ భుజం కొంచెం వంగింది. కరుణ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగింది.

"ఏమండీ" అని పిలిచింది.

అతను తిరిగాడు. ముక్కూ మొహం తెలియని కుర్రాడు.

పేరు ఆదినారాయణ. ఉండేది బోరబండలో. కంపెనీవాళ్లు పాత రీళ్లు వేసి చూపించి, జాన్ బాబు నడకే నేర్పించారట. "వారం రోజులు చీకటి గదిలో ఆయన వీపే చూశానక్కా" అన్నాడు కిందికి దిగొచ్చి. "ఇప్పుడు నా నడక నాకు రావట్లేదు. మా అమ్మ కూడా అడిగింది, ఎవరిలా నడుస్తున్నావురా అని."

కరుణ విషయమంతా చెప్పి, ఒక్కసారి ఆఫీసుకి రమ్మని అడిగింది. అతను ఒప్పుకున్నాడు. చొక్కా మార్చుకోకుండానే వచ్చాడు.

మండల ఆఫీసు వరండాలో చలపతిరావుగారు నర్సింహని పిలిపించి ఓ పక్కన నిలబెట్టి, ఆదినారాయణని ఆ చివరిదాకా నడవమన్నారు. అతను నడుస్తుంటే ఫైళ్లు మోసే బంట్రోతు కూడా ఆగిపోయాడు. నర్సింహ మొహంలో నెత్తురు లేదు.

"గీయనే సార్" అన్నాడు చివరికి. "ఎనకనుంచి గీయనే." కాగితం లాక్కుని సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక నర్సింహ ఆదినారాయణ భుజం తట్టి, నవ్వబోతూ అన్నాడు. "తమ్మీ, ఐతారం నాడు నువ్వు చెయ్యెత్తితే నేను నిజంగనే జాన్ బాబనుకున్న."

"ఏ ఆదివారం అన్నా?"

"మొన్నటిదే. చెక్‌పోస్టు కాడ."

ఆదినారాయణ కరుణ వైపు చూశాడు. "శనివారం నుంచి సోమవారం దాకా అరకులో ఉన్నాం. యూనిట్ మొత్తం."

నర్సింహ ఒకసారి ఆఫీసు గుమ్మం వైపు చూశాడు, లోపలికి వెళ్లి సంతకం కొట్టేయాలా అన్నట్టు. కరుణ అతని ముందు నిలబడి, "వద్దన్నా. పిల్లలున్నారు నాకు" అంది. అతను తల వంచుకుని బస్టాపు వైపు వెళ్లిపోయాడు.

నెలకి మరణ ధ్రువపత్రం వచ్చింది. కరుణ పది నకళ్లు తీయించింది. ఒకటి బ్యాంకుకి, ఒకటి ఇన్సూరెన్సుకి, ఒకటి రేషన్ కార్డులో పేరు కొట్టించడానికి. ఆ తర్వాత మా కంపెనీలో ఎవరింట్లో ఎవరు పోయినా, మూడో రోజుకల్లా కరుణ వెళ్లేది. ఏడుస్తున్నవాళ్ల పక్కన కూర్చుని, డాక్టరు చీటీ ఎక్కడుంది, రసీదు ఎవరి దగ్గరుంది అని అడిగేది. కొందరు తిట్టుకునేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు.

తొంభై ఆరులో స్థలం రిజిస్ట్రేషనుకి నన్ను సాక్షిగా తీసుకెళ్లింది. దస్తావేజు రాసే బసవపున్నయ్యగారు కళ్లజోడు సర్దుకుని, "భర్త పేరు జాన్ బాబు. ముందు 'లేటు' అని రాయాలిగా అమ్మా?" అన్నారు.

కరుణ కిటికీలోంచి రోడ్డు మీద పోయేవాళ్లని చూస్తోంది. అందరూ అటువైపు వెళ్తున్నారు, వీపులే కనిపిస్తున్నాయి. ఆయన రెండోసారి అడిగారు.

"రాయండి" అంది.